జూలై ఒకటిన పుట్టినవాడు

ఇప్పలగుంపు బడిలో చేరిన ఇరవై రెండు మంది పిల్లలూ ఒక్కరోజే పుట్టారు. జూలై ఒకటి. ఆ గూడెంలో ఆ రోజు ఇరవై రెండు మంది ఆడవాళ్లకు నొప్పులు వచ్చాయని కాదు. వెంకటప్పయ్య పంతులు రిజిస్టరు ముందర పెట్టుకొని అలా రాశాడు, అంతే.

భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు దిగి అడవిలో మూడు మైళ్లు నడిస్తే వచ్చే కోయగూడెం అది. పిల్లాడు ఎప్పుడు పుట్టాడమ్మా అంటే తల్లులు ‘పులి దున్నను పట్టిన ఏడు’ అనేవాళ్లు, ‘వెదురు పూసిన ఏడు’ అనేవాళ్లు. సర్కారు రిజిస్టరు గడిలో పులీ పట్టదు, వెదురూ పట్టదు. అందుకని పంతులు తేదీ దగ్గర అందరికీ జూలై ఒకటి వేసేసి, సంవత్సరం దగ్గర మాత్రం కాస్త మనసు పెట్టేవాడు. పిల్లాడి ఎత్తు చూసి, పళ్లు చూసి, తనకు తోచిన వయసులోంచి ఏడాదో ఏడాదిన్నరో కోసేవాడు. రేపు సర్కారు నౌకరీ వస్తే ఆ ఏడాదిన్నర సర్వీసు కలిసొస్తుందని. ఎర్రుపాలెం నుంచి వచ్చి ఆ అడవిలో పదకొండేళ్లు పాఠం చెప్పిన మనిషి. చెడ్డవాడు కాదు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

పూనెం దూలయ్య కొడుకు పోతయ్యకు అలా 1-7-1964 పడింది.

పోతయ్యకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. కూర్చుంటే మోకాలు ఆడేది, నిలబడితే మడమ ఆడేది. అన్నం తినేటప్పుడు కూడా గుమ్మంలో ఒక కాలు, బయట ఒక కాలు. "వీడి కాళ్లల్ల చీమలున్నయ్" అనేది తల్లి ముత్తక్క. ఏడో తరగతికి హాస్టలు, పదో తరగతికి ఇంకో హాస్టలు, ఇంటర్‌కు వరంగల్లు. అక్కడ కాలేజీలో ఎన్‌సీసీలో చేరాడు. దేశభక్తి కాదు, పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం చేరాడు. మొదట ఆర్మీ లైన్లో నిలబడ్డాడు. ఎయిర్ వింగ్ లైను చిన్నగా ఉంది, పూరీలు ముందు అందుతాయని అందులోకి మారాడు. ఆకాశం అతనికి అలా దొరికింది.

మామునూరు మైదానంలో గ్లైడర్‌ని మొదటిసారి చూసినప్పుడు దానికి ఇంజను లేదంటే నమ్మలేదు. దూరాన ఉన్న మోటారు ఇనుప తీగను సర్రున చుట్టుకుంటుంటే, ఆ తీగకు కట్టిన గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. పైన తీగ వదిలేస్తారు. ఇక గాలి మీద బతకడమే. లేచే గాలి దొరికితే పైనే ఉంటావు, దొరక్కపోతే ఐదు నిమిషాల్లో నేల మీదికి వస్తావు.

అందరూ ఐదు నిమిషాల్లో దిగుతుంటే పోతయ్య ఇరవై నిమిషాలు దిగలేదు. వెనక సీట్లో కూర్చున్న కమాండింగ్ ఆఫీసరు, నార్తు మనిషి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"గాలి అక్కడ ఉంది అని నీకు ఎవరు చెప్పారు?"

"అగో, గద్దలు తిరుగుతున్నయ్ సార్. కింద ఎవలో చెత్త కాలవెడుతున్నరు. మా పోడు కాలినప్పుడు గూడ గట్లనే, పొగ లేసిన దిక్కు గద్ద పోతది."

ఆఫీసరు దిగాక నోటుపుస్తకంలో పోతయ్య పేరు కింద గీత గీశాడు.

అయినా ఒంటరిగా ఎగరడానికి ఆగాల్సొచ్చింది. పదహారు నిండాలి. ఎనభయ్యో సంవత్సరం జూలై ఒకటిన కాగితం మీద పోతయ్యకు పదహారు నిండాయి. జూలై రెండున ఒక్కడే ఎగిరాడు. ఆ నెలలోనే విద్యార్థి పైలట్ లైసెన్సు వచ్చింది, పండుగలకు ముందే గ్లైడర్ లైసెన్సు వచ్చింది. మొత్తం యూనిట్‌లో ఇద్దరినే విమానానికి ఎంపిక చేశారు. ఒకడు పోతయ్య. రెండోవాడు తిరుమలాయపాలెం దగ్గరి తండా నుంచి వచ్చిన రూప్‌సింగ్. పుష్పక్ అని రెండు సీట్ల చిన్న విమానం. పెట్రోలు సర్కారుది, ఎగిరేది వీళ్లు. మార్చి ముప్పై ఒకటి దాకా ఎన్ని గంటలు రాసి ఉంటే అన్ని గంటలు. ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త పిల్లలు, కొత్త పెట్రోలు. ఈలోపల పరీక్ష గట్టెక్కితే ప్రైవేట్ పైలట్ లైసెన్సు. గట్టెక్కకపోతే, మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలంటే గంటకు ఇంత అని సొంతంగా కట్టాలి. దూలయ్య కొడుక్కి అది అయ్యే పని కాదు.

ఎనభై ఒకటి మార్చి తొమ్మిది, సోమవారం. పరీక్ష ఇరవై ఎనిమిదిన అని తేలింది. ఫారాలు నింపుతున్న క్లర్కు కలం ఆపి పోతయ్య వంక చూశాడు.

"ఏందయ్యా, దీనికి పదిహేడు నిండాలె. నీకు జూలైకి గదా నిండేది."

పక్కనున్న రూప్‌సింగ్ ఊరుకోలేదు.

"అరె పోతయ్యా, నీకు పాలసీసా తెస్తనురా. పరీక్షకు నేను పోయొస్త, నువ్వు ఉయ్యాలల పండు."

"నాకు పద్దెనిమిది దాటినయ్" అన్నాడు పోతయ్య.

"ఎవలు చెప్పిన్రు?"

"మా అవ్వ."

"మీ అవ్వను సంతకం పెట్టమను మరి."

పోతయ్య కమాండింగ్ ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. ఆయన ఫారం చూసి, పోతయ్య మీసం చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు పదహారేళ్లవాడివి అంటే నేను నమ్మను. కానీ నేను నమ్మితే చాలదు. ఆ రోజుల నాటి గవర్నమెంటు కాగితం ఏదైనా తీసుకురా, నువ్వు పుట్టిన తేదీ తెలిసేది. మిగతాది నేను రాస్తాను. ఇరవై ఐదో తారీఖు లోపల. ఆ తర్వాత నా చేతిలో లేదు."

ఆ మధ్యాహ్నమే పోతయ్య రైలెక్కాడు. సీటుంది, కూర్చోలేదు. వరంగల్లు నుంచి ఎర్రుపాలెం దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

వెంకటప్పయ్య పంతులు రిటైరై అక్కడే మిరపతోట చూసుకుంటున్నాడు. కళ్లంలో కాయ ఎండబోసి, తలకు తువ్వాలు చుట్టుకొని మంచం మీద కూర్చున్నాడు. శిష్యుణ్ణి గుర్తుపట్టి, విమానం మాట విని, మంచం మీంచి లేచి మరీ భుజం తట్టాడు. సంగతంతా విన్నాక మళ్లీ కూర్చున్నాడు.

"ఏడాదిన్నర కలిపిచ్చానురా నీకు. ఇంకొకడైతే కాళ్లకు దణ్ణం పెడతాడు."

"నాకు తరవాత ఏడాదిన్నర అక్కర్లేదు సార్. ఇప్పుడు నాలుగు నెలలు కావాలె. తప్పు రాసిన్నని ఒక ముక్క రాసియ్యున్రి."

"రాస్తే? ఒక్కడిది తప్పంటే ఇరవై రెండు మందిదీ తప్పే గదా? ‘ఏవండీ పంతులుగారూ, రిజిస్టరులో కథలు రాశారా’ అంటారు. నా పింఛను ఎవడు తింటాడు, నువ్వు విమానంలో పట్టుకొస్తావా?"

పోతయ్య ఎండబోసిన మిరపకాయల చుట్టూ తిరుగుతున్నాడు. ఒక చుట్టు, రెండు చుట్లు.

"ఒరేయ్, తొక్కుతావు కాయని, ఒకచోట నిలబడు" అని కసిరి, మంచం మీద చోటు చూపించి పంతులు మెత్తబడ్డాడు. "సర్కారు పుస్తకాల్లో మీ వాళ్ల పేర్లు ఎక్కడెక్కుతాయో నీకు తెలీదా? బళ్లో ఎక్కుతాయి, లేదంటే జంగిలాతు, అదే ఫారెస్టు వాళ్ల కేసుల్లో ఎక్కుతాయి. బళ్లో నేను చెడగొట్టాను. రెండోది మీ నాన్నని అడుగు."

పదకొండో తారీఖు పొద్దుటికి పోతయ్య ఇప్పలగుంపు చేరాడు. మూడు మైళ్లూ దాదాపు పరుగే. ముత్తక్క రాగిజావ పోసి ఎదురుగా కూర్చుంది. ఇంట్లో మాట్లాడేది కోయ భాషే. కానీ కొడుకు అడిగింది సర్కారు సంగతి కాబట్టి తెలుగులోకి దిగింది.

"అవ్వా, నేను పుట్టి ఎన్నేండ్లాయె? ఒట్టిగ చెప్పకు, లెక్కేసి చెప్పు."

ముత్తక్క వేళ్ల మీద లెక్కపెట్టలేదు. పోళ్ల మీద లెక్కపెట్టింది. అడవిలో ఒక చెక్క కొట్టి, కాల్చి, జొన్న చల్లి, సత్తువ ఉన్నన్నేళ్లు పంట తీసి, ఇంకో చెక్కకు పోయే కుటుంబానికి అదే పంచాంగం.

"నువ్వు పుట్టిన ఏడు మేకలబండ కాడ కొట్టినం. ఆడ మూడు పంటలు. వాగు అవతల నాలుగు పంటలు. ఎర్రమట్టిల రెండే, పందులు పడి నాశినం జేసినయ్. బూరుగుల కాడ మూడు. గుట్ట ఎనక నాలుగు. ఇప్పుడున్న కాడ రెండు తీసినం." కొడుకు ముఖం చూసింది. "నువ్వు కలుపుకో, సదువుకున్నోనివి."

పద్దెనిమిది. ఒక్క పంట తేడా లేదు. కానీ మేకలబండను పరీక్షాధికారి ముందు ఎలా నిలబెట్టడం?

అప్పటిదాకా గొడ్డలి పిడికి చీల కొడుతున్న దూలయ్య తల ఎత్తలేదు. "కాయితం ఉన్నది" అన్నాడు. "రేంజి ఆఫీసుల ఉన్నది."

ముత్తక్క చేతిలో గరిటె ఆగింది. "నువ్వు నోరు మూసుకో."

"ఎందుకు మూసుకోవాలె? పిలగాడు అడుగుతుండు."

జరిగింది ఇది. పోతయ్య పుట్టిన మర్నాడు దూలయ్య మేకలబండ మీద చెట్లు నరుకుతుంటే ఫారెస్టు గార్డు చెంచురామయ్య చూశాడు. దూలయ్య ఇంటికి పరిగెత్తాడు, గార్డు వెనక పరిగెత్తాడు. తీరా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల పసివాడి ఏడుపు. చెంచురామయ్య రెండు అడుగులు వెనక్కి వేశాడు. ముక్కోటి దగ్గర పడింది. ఆయన దీక్షలో ఉన్నాడు, ఒంటిపూట భోజనం, చన్నీళ్ల స్నానం. పురుటింటి మనిషిని ముట్టుకుంటే మైల, దీక్ష పోతుంది.

"‘ముక్కోటి అయినంక వస్త, అప్పటిదాంక ఎటూ పోకు’ అన్నడు" చెప్పాడు దూలయ్య. "నేను ఎటూ పోలె. ఆయన రాలె. బదిలీ అయిందన్నరు. ఆడ నిలబడే పుస్తకంల రాసిండు. రాసి, నాకు చదివి గూడ చెప్పిండు, పాపం. నిన్న కొడుకు పుట్టిండని రాసిండు, నేను పరారని రాసిండు."

పద్దెనిమిదేళ్లుగా దూలయ్య రేంజి ఆఫీసు ఉన్న రోడ్డు తొక్కలేదు. సంతకు పోవాలంటే రెండు మైళ్లు చుట్టు తిరిగి పోయేవాడు. కాలేజీ వాళ్లు క్యాడెట్ల తండ్రుల్ని పిలిచినప్పుడు రాకపోతే, తనను పట్టించుకోలేదని పోతయ్య కోపం పెంచుకున్నాడు. బస్సెక్కాలంటే ఆ ఆఫీసు ముందరే ఎక్కాలని అతనికి తెలియదు.

"పోతే పట్టుకుంటరు" అంది ముత్తక్క. "ఒక కాయితం కోసం మనిషిని అప్పజెప్తవా?"

ఆమె అడిగింది మొగుణ్ణి. చూసింది కొడుకును.

పోతయ్య ఆ రోజంతా ఇంట్లో నిలవలేదు. వాగు దాకా పోయాడు, వచ్చాడు. మళ్లీ పోయాడు. పదమూడున తెల్లవారగానే దూలయ్య ఉతికిన చొక్కా తొడుక్కొని గుమ్మంలో నిలబడ్డాడు. "నువ్వు లోపలికి పోయి అడుగు. నేను బయట నిలబడ్త. ఇస్తే తీసుకుందం, లేకపోతే లేదు."

రేంజరు వెంకటరామారావు ఆ ఆఫీసుకు వచ్చి ఆరు నెలలే అయింది. పైలట్ పరీక్ష అనగానే కుర్చీ చూపించాడు. పాత బీరువా తీయించి, చెదలు దులిపించి, అరవై మూడో సంవత్సరం గార్డు డైరీలు బయటికి లాగించాడు. మధ్యాహ్నానికి దొరికింది. జనవరి మూడు. రేంజరు గట్టిగా చదివాడు.

"‘ఇప్పలగుంపు పూనెం దూలయ్య మేకలబండపై పదకొండు చెట్లు నరకగా చూసి వెంబడించడమైనది. సదరు ముద్దాయి ఇంట నిన్నటి దినమున మగశిశువు జన్మించి పురుటి మైల ఉన్నందున, నేను ముక్కోటి దీక్షలో ఉండి ముద్దాయిని తాకరాని కారణమున పట్టుకొనలేదు. ముద్దాయి పరారీ అని రాసుకొనడమైనది.’"

రేంజరు నవ్వాపుకోలేక బల్ల మీద కొట్టాడు. గుమాస్తా నవ్వాడు, బంట్రోతు నవ్వాడు. పోతయ్య మాత్రం బల్ల మీదికి వంగి ఆ పేజీ తనే చదువుకున్నాడు. తను జనవరి రెండున పుట్టాడు. తన పుట్టుక గురించి ఈ ప్రపంచంలో ఎవరైనా రాసిన ఒకే ఒక్క వాక్యం అది.

నవ్వు అయ్యాక రేంజరు పేజీ తిప్పాడు, కట్ట వెతికాడు. ముఖం మారింది.

"కేసు మూయలేదయ్యా ఇది. ఎవడూ పట్టించుకోక అట్లనే పడి ఉంది. ఈ దూలయ్య ఇప్పుడు ఎక్కడున్నాడు?"

చచ్చిపోయాడు అనే మాట పోతయ్య నాలుక మీదికి వచ్చింది. అంటే అయిపోయేది. నోరు తెరిచాడు కూడా.

"నేనే దొరా" అన్నాడు దూలయ్య గుమ్మంలోంచి.

"నువ్వా? పరారీ అని ఉంది గదా."

"పరారీ ఏంది దొరా, ఇంట్లనే ఉన్న. పద్దెనిమిదేండ్ల సంది ఇంట్లనే ఉన్న."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రేంజరు కుర్చీలో వెనక్కి వాలి, గుమాస్తాను బయటికి పంపాడు. మెల్లగా చెప్పాడు. "చూడు పెద్దాయనా. నేను నకలు ఇవ్వాలంటే ఫైలు తెరిచి నంబరు వేయాలి. తెరిస్తే పరారీ ముద్దాయి నా ఎదుట నిలబడ్డాడని రాయాలి, కోర్టుకు తీసుకుపోవాలి. తెరవకపోతే నేనేమీ చూడలేదు. ఇప్పుడే ఇద్దరూ లేచి బయటికి నడవండి. చెదలు పట్టిన పుస్తకం, ఇంకో ఏడాదిలో అదే పోతుంది."

"పోదాం అయ్యా" అన్నాడు పోతయ్య.

అన్నాడు గాని కదల్లేదు. పుట్టిన దగ్గరనుంచీ ఒక్క క్షణం ఆగని ఆ కాళ్లు అక్కడ, ఆ సిమెంటు నేల మీద, పాతేసినట్టు నిలబడిపోయాయి. దూలయ్య కొడుకు ముఖం చూడలేదు. కాళ్లు చూశాడు. చూసి, గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"రాయి దొరా" అన్నాడు.

పదహారున కోర్టు. పదిహేను రోజులు సబ్‌జైలు. జడ్జి ముందు దూలయ్య చెట్లు నరికానని ఒప్పుకున్నాడు, పరారీని మాత్రం ఒప్పుకోలేదు. జైలు గుమ్మం దగ్గర కొడుక్కి తువ్వాల ఇచ్చి, "మీ అవ్వతోని చెప్పు, కొట్టిన చెక్క ఇంకా ఎండలేదు, నేను వచ్చినంకనే కాలవెడుదం" అన్నాడు. నకలు అప్పటికే పోతయ్య చొక్కా లోపల, ఛాతీకి అతుక్కొని, చెమటకు తడుస్తూ ఉంది. బస్సు టైమయిందని చెప్పి పోతయ్య వచ్చేశాడు. నిజంగానే టైమయింది.

పద్దెనిమిదిన కమాండింగ్ ఆఫీసరు ఆ నకలు రెండుసార్లు చదివించుకున్నాడు. మైల అంటే ఏమిటో క్లర్కు అరగంట విడమరిచి చెప్పాల్సొచ్చింది. చెప్పాక ఆయన నవ్వలేదు. "మీ నాన్న ఎక్కడ?" అని మాత్రం అడిగాడు.

"ఇంటికాడ సార్" అన్నాడు పోతయ్య.

ఇరవై ఎనిమిదిన పరీక్ష. ఆ పొద్దు మామునూరు మీద గాలి అడ్డంగా కొడుతోంది. రూప్‌సింగ్ దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడి, "బర్రె మీదికెల్లి దుంకినట్టయిందిరా" అని నడుం పట్టుకుంటూ వచ్చాడు. అయినా గట్టెక్కాడు. పోతయ్య చక్రాలు ఆనించినప్పుడు పరీక్షాధికారికి నేల తగిలినట్టు తెలియలేదట. ఆయన అదే మాట రాశాడు. చేయి నిలకడ గలది అని. పోతయ్య చేయి గురించి ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు, అదే చివర.

ముప్పై ఒకటిన దూలయ్యను వదిలేస్తారు. ఆ రోజే పోతయ్య పేరు మీద సర్కారు పెట్రోలు ఇంకో గంట మిగిలి ఉంది. సాయంత్రం దాటితే ఆ గంట పోతుంది. రూప్‌సింగ్‌కు అప్పటికి సంగతంతా తెలిసిపోయింది.

"మీ నాయినను తోలుకరావా?"

"రేపు పోత."

"ఇయ్యాల విడుస్తరు గదరా."

"రేపు పోతనంటున్న గద."

రూప్‌సింగ్ ఎప్పటిలా ఎకసెక్కం ఆడలేదు. ఏమన్నా తిట్టినా బాగుండేది. పోతయ్య ఆ గంట ఎగిరాడు. దూలయ్య జైలు గేటు దగ్గర పొద్దెక్కేదాకా నిలబడి, ఇక ఎవరూ రారని తెలుసుకొని, రోడ్డు పట్టుకొని నడిచాడు. ఈసారి చుట్టు తిరగలేదు. రేంజి ఆఫీసు ముందు నుంచే పోయాడు.

లైసెన్సు మే నెలలో పోస్టులో వచ్చింది. ఎర్రటి అట్ట, లోపల ఫోటో, పుట్టిన తేదీ 2-1-1963. దూలయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "మంచిదే" అన్నాడు. గేటు సంగతి ఎత్తలేదు. ఎత్తితే పోతయ్య ఏదో ఒకటి చెప్పేవాడు. ఎత్తకపోవడంతో అది లోపలే ఉండిపోయి కాళ్లను మరింత ఆడించింది.

ఆ లైసెన్సుతో ఎగరొచ్చు గాని, బతకడానికి కాదు. ఉద్యోగానికి ఇంకో లైసెన్సు కావాలి, దానికి వందల గంటలు కావాలి. ఉత్తరాలు రాశాడు. ఢిల్లీకి రాశాడు, హైదరాబాదుకు రాశాడు. వచ్చిన జవాబులన్నీ మర్యాదగా ఉన్నాయి. డిగ్రీలో చేరి ఏడు నెలలు చదివి మానేశాడు. రూప్‌సింగ్ కానిస్టేబుల్ అయ్యాడు. పోతయ్య వెదురు లారీ మీద క్లీనరై, ఏడాదిలో డ్రైవరయ్యాడు. అడవిలో వెదురు ఎక్కించుకోవడం, కాగితం మిల్లులో దించడం, మళ్లీ అడవి. నెలలో ఒకచోట రెండు రోజులు కుదురుగా ఉన్నది లేదు.

పైలట్ లైసెన్సుకు ఒక గుణం ఉంది. ఏడాదికి ఇన్ని గంటలని ఎగురుతుంటేనే బతికి ఉంటుంది. ఎనభై మూడులో పోతయ్యది చచ్చిపోయింది. ఆ మాట దూలయ్యకు చెప్పలేదు. దూలయ్య ప్రతి ఏడూ జొన్న కోత అయ్యాక అడిగేవాడు.

"కాయితం మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఎలుకలు కొట్టకుండ పెట్టు."

అంతే. ఆ తర్వాత పోతయ్య ఆ రోజే ఏదో పని కల్పించుకొని లారీ తీసేవాడు. దూలయ్య మాత్రం సంతలో, కల్లు దగ్గర, చుట్టాల ఇళ్లలో చెప్పుకునేవాడు. మావాడు ఎప్పుడంటే అప్పుడు ఎగరొచ్చు, సర్కారు రాసిచ్చింది అని.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది. వాగులన్నీ వెనక్కి తన్నాయి. ఇప్పలగుంపు జనం పిల్లల్ని, కోళ్లను ఎత్తుకొని రోడ్డు పక్క మిట్ట మీది బడికి చేరారు. పోతయ్య లారీ కూడా అక్కడే చిక్కుబడిపోయింది. ముందు నీళ్లు, వెనక నీళ్లు. మూడు రోజులు ఎటూ కదిలే దారి లేదు. ఆ మూడు రోజుల్లో పోతయ్య బడి చుట్టూ నడిచిన నడక కలిపితే వరంగల్లు చేరేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం హెలికాప్టరు వచ్చింది. బడి ముందు మైదానంలో దిగింది. బియ్యం బస్తాలు దింపుతుంటే, దాన్ని నడిపిన అతను బయటికి వచ్చి కుండ దగ్గర నీళ్లు తాగుతున్నాడు. పోతయ్య వయసే ఉంటుంది. దూలయ్య జనాన్ని తోసుకుంటూ పోయి అతని ఎదుట నిలబడ్డాడు.

"దొరా, అలిసిపోయినట్టున్నవ్. మావాడు ఉన్నడు, లైసెన్సు ఉన్నది. కాసేపు వానికియ్యి. ఆ దిక్కు రెండు గూడేలల్ల ఇంకా జనం చెట్లమీదున్నరు."

అతనికి ఆ తెలుగు సగమే అర్థమైంది. ఎవరు అన్నట్టు చూశాడు. దూలయ్య వెనక్కి తిరిగి కొడుకును వేలుపెట్టి చూపించాడు. జనమంతా తిరిగి చూశారు. పోతయ్యకు పారిపోవడానికి దారి లేదు, చుట్టూ నీళ్లే. వచ్చి తండ్రి చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయాడు.

"అది లేదయ్యా."

"ఎలుకలు కొట్టినయా?"

"కాయితం ఉన్నది. చెల్లదు. మూడేండ్లాయె. ఎగరకపోతే అది చెల్లదు."

దూలయ్య కొడుకు చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు. "మరి మంచిగున్నదంటివి."

"అన్న."

"ప్రతి ఏడు అన్నవ్."

"అన్న. గేటుకాడికి గూడ నేను కావాలనే రాలే. ఆ రోజు ఒక గంట మిగిలుండె. అది ఎగరనీకి పోయిన."

హెలికాప్టరు రెక్కలు ఇంకా మెల్లగా తిరుగుతున్నాయి. దూలయ్య దాని వంక చాలాసేపు చూశాడు. కోపం వస్తే కొడతాడేమో, కొడితే బాగుండునని పోతయ్యకు అనిపించింది.

"మొత్తం ఎంతసేపు ఎగిరినవ్ నువ్వు?" అడిగాడు దూలయ్య.

"నలభై ఒక్క గంట."

"గంటలు నాకేం తెలుసు. దినాలల్ల చెప్పు."

"రెండు దినాలకు జర తక్కువ."

"ఆ గేటు కాడి గంట గూడ కలిపేనా?"

"కలిపే."

దూలయ్య తల ఆడించాడు. పదిహేను రోజుల జైలు మాట అతని నోటి నుంచి రాలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకొని, బియ్యం లైను దగ్గరికి నడిచి, చివర నిలబడ్డాడు. పోతయ్య అతని వెనక నిలబడ్డాడు. ముందున్నది పక్కింటి భీమక్క. నోరు ఊరుకునే మనిషి కాదు.

"ఏం దూలన్నా, నీ కొడుకు గిసొంటిది నడుపుతడంటివి. పోయి ఎక్కుతలేడేంది మరి?"

"నడిపిండు" అన్నాడు దూలయ్య. "ఇగ నడపడు. నువ్వు ముందుకు జరుగు, బియ్యం అయిపోతయ్."